కాసినోలో క్యాషియర్ ఉద్యోగమా? సంచి సర్దుకునే ముందు ఇది చదవండి

‘కాసినోలో క్యాషియర్లు కావలెను. డిగ్రీ చాలు. వసతి, భోజనం ఉచితం.’ ఇలాంటి మెసేజ్ మీ ఫోన్‌కీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఎలమంచిలిలో బీకాం అయ్యాక కళ్లముందు కనపడేవి అచ్యుతాపురం సెజ్‌లో ఉద్యోగాలు, కాదంటే పోటీ పరీక్షల కోచింగ్. వాటి మధ్యలో గోవా, నది మీద ఓడ, సూటూ బూటూ అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. తప్పేం లేదు. కాకపోతే ఆ కౌంటర్ వెనక కూర్చున్న మనిషి రాత్రంతా ఏం చేస్తాడో తెలుసుకుని వెళ్లండి.

మన రాష్ట్రంలో కాసినో లేదు, చట్టం ఒప్పుకోదు. 1974 నాటి గేమింగ్ చట్టంలోకి 2020లో ఆన్‌లైన్ పందాలనూ చేర్చారు. గోవా సంగతి వేరు. అక్కడ పణజి దగ్గర మాండవి నదిలో లంగరేసిన ఓడల్లో, ఒడ్డునున్న స్టార్ హోటళ్లలో లైసెన్సుతో నడుస్తాయి. విశాఖలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు వాస్కోలో దిగుతారు, అక్కణ్నుంచి పణజికి బస్సు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా స్థానికులు ఆడకూడదు. కాబట్టి మీ ముందుకొచ్చేవాళ్లంతా బయటి ఊళ్లవాళ్లే, అందులో మన తెలుగువాళ్లకేం తక్కువ లేదు. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడూ వస్తే ఇంటర్వ్యూలో మంచి మార్కు పడుతుంది.

క్యాషియర్ కూర్చునే గదిని ‘కేజ్’ అంటారు. అంటే పంజరమే, పేరు సరిగ్గానే పెట్టారు. డ్యూటీ ఎక్కగానే కొంత నగదు, కొన్ని చిప్స్ లెక్కపెట్టి మీకు అప్పగిస్తారు, సంతకం చేస్తారు. ఇక్కడే కిరాణా కొట్టు గల్లాపెట్టెకీ కేజ్‌కీ తేడా. కొట్లో సాయంత్రానికి డబ్బు పెరుగుతుంది. కేజ్‌లో పెరగకూడదు, తగ్గకూడదు. 20 లక్షల విలువతో మొదలెట్టారనుకోండి. ఒకరికి 3 లక్షల చిప్స్ ఇస్తే అంత నగదు లోపలికొస్తుంది. గెలిచినవాడు చిప్స్ తెస్తే అంత నగదు బయటికెళ్తుంది. తెల్లారి దిగేటప్పుడు నగదు, చిప్స్, పన్ను, కార్డు స్లిప్పులు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక ఆ 20 లక్షలే తేలాలి. తేలకపోతే అది మీ పేరు మీద రాస్తారు.

అందుకే ప్రతి నోటూ కెమెరాకి కనపడేలా కౌంటర్ మీద పరిచి లెక్కపెట్టాలి. చేయి పక్కకి తీసేముందు రెండు అరచేతులూ తిప్పి చూపించాలి. ముక్కు దురద పెట్టినా సరే, ముందు చేతులు చూపించాకే! మొదట్లో అవమానంగా అనిపించొచ్చు. నిజానికి ఆ కెమెరా మిమ్మల్ని కాపాడుతుంది కూడా. ‘నేను ఇచ్చింది 50 వేలు, నువ్వు 40కే ఇచ్చావు’ అని ఎవరైనా గొడవకి దిగితే సాక్ష్యం అదే.

గొడవలకి పన్నులు మరో కారణం. కాసినో జీఎస్టీ 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం లెక్కన చిప్స్ పూర్తి విలువ మీదే పడింది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. రేటు పెట్టింది ఢిల్లీ, తిట్లు తినేది క్యాషియర్. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి కాసినోలూ వస్తాయి. కస్టమర్ గుర్తింపు పత్రాలు చూడాలి, 10 లక్షలు దాటిన నగదు లావాదేవీల వివరాలు కేంద్రానికి వెళ్లాలి. ‘తెలిసినవాడే కదా’ అని కాగితం అడక్కుండా వదిలేస్తే ముందు ఇరుక్కునేది మీరే.

ఇక డ్యూటీ దిగాక. అమ్మ ‘టిఫిన్ తిన్నావా నాన్నా’ అని ఫోన్ చేసే వేళకి మీరు దుప్పటి కప్పుకుంటారు. శని, ఆదివారాలు, కొత్త సంవత్సరం, దీపావళి సెలవులు... లోకమంతా తిరిగే రోజుల్లోనే మీకు పని. ఊళ్లో స్నేహితుడి పెళ్లి ఫొటోల్లో చూసుకోవాల్సిందే. నలుగురు పడుకునే గదిలో ఒకరు లేచేసరికి ఒకరు నిద్రపోతుంటారు. సంబంధాల దగ్గర ఇంకో చిక్కు. ‘మీవోడు ఏటి చేస్తన్నాడు?’ అని అడిగితే ‘గోవాలో హోటల్లో అకౌంట్సు’ అని చెప్పే ఇళ్లే ఎక్కువ. అబద్ధమనలేం, నిజమూ అనలేం.

అయినా వెళ్తానంటే జీతం ఒక్కటే అడిగి ఊరుకోకండి. లెక్క తగ్గితే జీతంలో కోస్తారా, రాత్రి పూట గదికి బండి పెడతారా, పీఎఫ్ ఉందా, వసతికి ఎంత పట్టుకుంటారు? ఇవి అడగండి, కాగితం మీద తీసుకోండి. అక్కడ నేర్చుకున్న నగదు లెక్క, కేవైసీ పని తర్వాత హోటల్ నైట్ ఆడిట్‌కో, బ్యాంకు కౌంటర్‌కో పనికొస్తుంది.

అసలు భయపడాల్సింది గోవాకి కాదు. విదేశీ కాసినో కొలువులకి. 2024 మేలో విశాఖ పోలీసులు కొందరు ఏజెంట్లను అరెస్టు చేశారు. డేటా ఎంట్రీ పనని డబ్బు కట్టించుకుని పంపిన కుర్రాళ్లతో కంబోడియాలో సైబర్ మోసాలు చేయించారన్నది కేసు. 2020లో ఆ దేశం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాక సిహనౌక్‌విల్‌లో చాలా కాసినో భవనాలు ఇలాంటి మోసాల అడ్డాలయ్యాయి. విదేశీ ఉద్యోగానికి ఏజెంటు లైసెన్సు ఉందో లేదో ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ‘టూరిస్ట్ వీసా మీద వెళ్లిపో, అక్కడ మారుస్తాం’ అన్నాడంటే ఆ మాటతోనే ఫోన్ పెట్టేయండి.

ఇల్లు కదలక్కర్లేదనే ఆఫర్ కూడా ఒకటుంది. ‘ఆన్‌లైన్ కాసినో క్యాషియర్, మీ ఖాతాలో పడిన డబ్బు మేం చెప్పిన ఖాతాకి పంపడమే పని, కమీషన్ మీది’ అంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది. పైగా ఆ డబ్బు ఎవరో మోసపోయినవాళ్లది కావచ్చు, పోలీసులు మొదట వెతికేది ఖాతాదారునే. ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి ఉంటే ఈ రోజే బ్యాంకుకి వెళ్లి ఖాతా ఆపించండి, 1930కి ఫోన్ చేయండి.