గడినుడి విప్పడం ఎలా?



మన హాస్టలుకు వచ్చే ఆదివారం పేపరులో నల్లగళ్ళు, తెల్లగళ్ళు ఉన్న పెట్టె ఒకటి ఉంటుంది. మనం దాన్ని చూసి పేజీ తిప్పేస్తాం. నేనూ మొన్నటిదాకా అంతే. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. అందుకని అది బాగా చదువుకున్న ఇళ్ళవాళ్ళ ఆట, మనది కాదు అనుకునేదాన్ని. ఒకరోజు తెలుగు సారు దగ్గర కూర్చుని అడిగితే విప్పడం నేర్పించారు. నేర్చుకున్నాక తెలిసింది, అందులో భయపడేది ఏమీ లేదని. అందరికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఈ గళ్ళ ఆట మొదట అమెరికాలో పుట్టింది. ఆర్థర్ విన్ అనే ఆయన తయారుచేసింది 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో వచ్చింది. తెలుగులో ఆరుద్ర గారు గళ్ళ నుడికట్టు అని, శ్రీశ్రీ గారు పదబంధ ప్రహేళిక అని కూర్చారు. అంత పెద్ద కవులు కూడా ఈ ఆట ఆడారన్నమాట! గడినుడి అన్నా, పదకేళి అన్నా ఇదే.

ముందు గళ్ళ సంగతి. ఇంగ్లీషులో ఒక గడికి ఒక లెటరు. మనకు ఒక గడికి ఒక పూర్తి అక్షరం. గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిపి ఒకే గడి. ‘స్త్రీ’ అనే మాటకు ఒక్క గడి చాలు. గుణింతం మారితే అక్షరం మారినట్టే. నేను ‘దసరా’ అక్షరాలు అటూ ఇటూ మారిస్తే ‘సరదా’ వస్తుందని సంబరపడ్డాను. సారు రెండూ పక్కపక్కన రాసి చూడమన్నారు. దసరాలో ద, స, రా ఉన్నాయి. సరదాలో స, ర, దా ఉన్నాయి. కలిసింది ‘స’ ఒక్కటే!

గళ్ళ పక్కన అడ్డం, నిలువు అని ఆధారాలు ఇస్తారు. ఆధారం చివర అంకె ఉంటే అది ఎన్ని అక్షరాలో చెబుతుంది. ‘ఒక పంట (2)’ అని ఇస్తే అది మామూలు ఆధారం. వరి కావచ్చు, జొన్న కావచ్చు, రాగి కావచ్చు. ఏదో తేల్చుకోలేం. గమ్మత్తు ఆధారం అలా కాదు. దాంట్లో జవాబు రెండుసార్లు ఉంటుంది. ఒకసారి అర్థంగా, ఇంకోసారి అక్షరాల ఆటగా. రెండూ ఒకేచోట కలిస్తేనే అది జవాబు. కొన్ని చూడండి.

గోదావరి చివర పండే పంట (2). సోషల్ పాఠంలో చదివాం, గోదావరి సముద్రంలో కలిసేచోట వరి బాగా పండుతుందని. అది అర్థం. ఇప్పుడు ‘గోదావరి’ అనే మాట చివర చూడండి. గో, దా, వ, రి. చివరి రెండు అక్షరాలు వరి! సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మను ఇదే అడిగాను. అమ్మకు అక్షరాలు రావు, వేలిముద్ర వేస్తుంది. అయినా వెంటనే “వరి కాక ఇంకేముంటది” అంది. అమ్మ అర్థం దారిలో వెళ్ళింది, నేను అక్షరాల దారిలో వెళ్ళాను. ఇద్దరం ఒకచోటికే వచ్చాం.

పలకను వెనక్కి తిప్పితే వడ్రంగికి కావలసింది (3). వెనక్కి, తిరగేస్తే, తలకిందులు అని ఉంటే ఆ మాటను చివరి నుంచి చదవాలి. ప, ల, క వెనక నుంచి చదివితే క, ల, ప. వడ్రంగికి కావలసింది కలపే కదా.

తల తెంపిన మందారంతో పూలు గుచ్చుకోవచ్చు (2). తల లేని అంటే మొదటి అక్షరం తీసెయ్యాలి. మందారంలో ‘మం’ తీసేస్తే మిగిలింది దారం. తోక లేని అంటే చివరి అక్షరం తీసెయ్యాలి.

నిద్రలో వచ్చేదీ దేవుడిచ్చేదీ కలిస్తే గాబరా (4). ఇది రెండు మాటల అతుకు. నిద్రలో వచ్చేది కల, దేవుడిచ్చేది వరం. కలిపితే కలవరం, అంటే గాబరా. దీన్ని నేను మొదట ‘కలవరము’ అని రాస్తే ఐదు అక్షరాలయ్యాయి. అందుకే అంకె మరిచిపోకూడదు.

ఎవరి వలన చెదిరింది ఈ పెద్ద కథ? (3). చెదిరింది, తారుమారు, కలగాపులగం అని ఉంటే అక్షరాల చోట్లు మార్చాలి. ‘వలన’లో వ, ల, న ఉన్నాయి. మార్చి పెడితే నవల. నవల అంటే పెద్ద కథే.

విప్పేటప్పుడు నేను పాటించేవి ఇవి. పెన్సిలుతోనే రాస్తాను. ఆధారాన్ని వాక్యంలాగా ఒకసారి చదివి, తర్వాత ఒక్కొక్క మాట విడగొట్టి చదువుతాను. అర్థం చెప్పే ముక్క చాలాసార్లు మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. రాకపోతే వదిలేసి అడ్డదిడ్డంగా తేలికవి నింపుతాను. అడ్డం మాటలు పడితే నిలువు మాటల్లో అక్షరాలు వాటంతటవే దొరుకుతాయి. ఒకటి తప్పు రాస్తే దాన్ని దాటే మాటలన్నీ కుదరవు. అప్పుడు సిగ్గుపడకుండా చెరిపెయ్యాలి.

ఇప్పుడు నేను తయారుచేసిన ఆధారం చెబుతాను. దానికి ముందు ఒక పాత సంగతి.

నేను మూడో తరగతిలో వేరే బడిలో ఉన్నాను. అప్పటికి నాకు తెలుగు సరిగా రాదు, ఇంట్లో కోయ మాట్లాడతాం. ఒకరోజు టీచరు “ఏరు అంటే ఏమిటి?” అని అడిగారు. నాకు తెలిసిన మాట వచ్చిందని సంతోషంగా లేచి “తాగేది” అన్నాను. క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వి, ఏరు అంటే వాగు అని చెప్పి కూర్చోమన్నారు. మా కోయలో ఏరు అంటే నీళ్ళు. ఆ మాట చెప్పడానికి నాకు తెలుగు చాలలేదు. తర్వాత రెండేళ్ళు నేను క్లాసులో చెయ్యి ఎత్తలేదు.

గడినుడి నేర్చుకున్నాక ఒకే మాటకు రెండు మూడు అర్థాలు ఉంటే అది తప్పు కాదు, అదే మంచి ఆధారం అని తెలిసింది. అందుకని ఇది రాశాను:

ఇప్పపువ్వు కనిపిస్తే చేసే పని, దారిలో వాగు, మా ఇంట్లో దాహం తీర్చేది (2).

వేసవిలో తెల్లవారకముందే లేచి చెట్టు కింద రాలిన ఇప్పపువ్వు ఏరుతాం. “ఏరు, ఏరు” అని పెద్దవాళ్ళు తొందరపెడతారు. అది ఒకటి. వాగు రెండు. కోయలో నీళ్ళు మూడు. మూడింటికీ జవాబు ఏరు.

సారుకు చూపిస్తే “మూడోది అందరికీ తెలియదు కదమ్మా, విప్పేవాళ్ళకు అన్యాయం కాదా?” అన్నారు. నేను కొంచెంసేపు ఆలోచించి, “మొదటి రెండింటితోనే జవాబు వచ్చేస్తది సార్. మూడోది అప్పుడు తెలుసుకుంటారు” అన్నాను. సారు నవ్వారు, కానీ ఇది వేరే నవ్వు. “అయితే గోడపత్రికలో పెట్టు” అన్నారు.

ఇక మీ వంతు. ఇవి విప్పండి:

1. తిరగబడిన గడప దగ్గర పాము ఎత్తింది (3)
2. తల లేని మొసలికి చెయ్యి (2). ఇది కొంచెం కష్టం. మొసలికి ఇంకో పేరు ముందు కనుక్కోవాలి, అది పద్యాల్లో వస్తుంది.

జవాబులు చీటీ మీద రాసి తెలుగు సారుకు ఇవ్వండి. సరైనవి వచ్చే సంచికలో రాస్తాను. లంబాడా అక్కలు మీ భాషలో ఒక అర్థం, తెలుగులో ఇంకో అర్థం ఉన్న మాట ఏదైనా ఉంటే నాకు చెప్పండి. ఇద్దరం కూర్చుని దానికి ఆధారం రాద్దాం. చిన్న తరగతుల చెల్లెళ్ళు కూడా రావచ్చు. తప్పు చెప్పినా ఎవరూ నవ్వరు, పెన్సిలు రబ్బరు నేనే తెస్తాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని