రాయి ఎవరి మీద పడింది?

సినిమా చూసి బయటికొచ్చాక అందరం కథ గురించే మాట్లాడుకుంటాం. పేదోడు గెలిచాడా, దొర మారాడా అని అడుగుతాం. కెమెరా ఎక్కడ నిలబడింది అని మాత్రం అడగం. కానీ సినిమా ఎవరి పక్షమో తేలేది అక్కడే. రెండు సినిమాల చివర్లో పిల్లలు విసిరిన రెండు రాళ్ళను పక్కపక్కన పెట్టి చూద్దాం.

శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ 1974లో వచ్చింది. తెలంగాణ పల్లె కథ. భూస్వామి కొడుకు సూర్య పనిమనిషి లక్ష్మిని లోబరచుకుంటాడు. ఆమె గర్భవతి అయ్యాక చేతులు దులుపుకుంటాడు. మాటా వినికిడీ లేని ఆమె భర్త కిష్టయ్య పని అడగడానికొస్తే, పగ తీర్చుకోవడానికొచ్చాడని భయపడి కొరడాతో కొడతాడు. చివర్లో ఒక చిన్నపిల్లోడు సూర్య ఇంటి కిటికీ మీద రాయి విసిరి పరుగెత్తుతాడు. అద్దం పగులుతుంది. తెర ఎర్రబడుతుంది.

తిరుగుబాటు మొలకెత్తిందని ఆ ఎరుపు చెప్తుంది. మంచిదే. అయితే రాయి తగిలింది దొర కిటికీకి. హాల్లో కూర్చున్న పెద్దమనిషి దొరను తిట్టుకుని నిమ్మళంగా ఇంటికి పోవచ్చు.

నాగరాజ్ మంజులే మరాఠీలో తీసిన ‘ఫాండ్రీ’ 2013 నాటిది. ఫాండ్రీ అంటే కైకాడీ భాషలో పంది. ఊరి చివర బతికే కైకాడీ కుటుంబంలో పిల్లోడు జబ్యా. బడికి పోతాడు, తోటి పిల్ల శాలూ మీద మనసు పడతాడు. ఊరివాళ్ళు పందిని పట్టమంటే ఇంటిల్లిపాదీ దిగాల్సిందే. అదీ బడి పక్కనే, అందరూ చూస్తుండగా.

ఇక్కడ దర్శకుడు మూడు పనిముట్లు వాడాడు. మొదటిది కాలం. పందివేటను చటుక్కున తెమల్చడు, సాగదీస్తాడు. పిల్లోడి సిగ్గు నిమిషం నిమిషానికీ మనకెక్కుతుంది. రెండోది శబ్దం. పంది చిక్కబోయే వేళకు బడిలో జాతీయగీతం మొదలవుతుంది. కుటుంబమంతా కదలకుండా నిలబడుతుంది. పంది మాత్రం తన దారిన పోతుంది. దేశానికి ఇవ్వాల్సిన మర్యాద వాళ్ళిచ్చారు. దేశం వాళ్ళకేమిచ్చిందో చెప్పే సంభాషణ ఒక్కటీ లేదు, అవసరమూ లేదు. మూడోది ఫ్రేము. పందిని కట్టెకు కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేద్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు. వాటి గురించి ఎవరూ నోరెత్తరు.

ఆఖరికి, ఎగతాళి చేసినవాడి మీదికి జబ్యా రాయి విసురుతాడు. ఆ రాయి నేరుగా కెమెరా వైపు వస్తుంది. తెర నల్లబడుతుంది. అంటే రాయి పడింది చూస్తున్న మన మీద.

జాతీయగీతం దగ్గర మేమూ నవ్వాం. మా ఇళ్ళల్లో మొదట యూనివర్సిటీ గడప తొక్కింది మేమే. డిగ్రీలతో పాటు ఊరి చూపు కూడా కొంత మాకంటిందని ఆ రాయి పడ్డాకే తెలిసింది.

మంజులే వడార్ కులం నుంచి వచ్చినవాడు. కానీ పుట్టుక ఒక్కటే ఈ ముగింపును తేలేదు. తన చూపుకు తగిన పద్ధతిని వెతుక్కున్నాడు. దళిత జీవితం కథలోకి వస్తే చాలదు, కెమెరా వెనక్కీ రావాలి. క్లాసులోనైనా సంఘం మీటింగులోనైనా సినిమా చూపించాక ఈ మూడు ప్రశ్నలు వేయండి: కెమెరా ఎవరి పక్కన నిలబడింది? ఎవరి బాధ మీద ఎంతసేపు ఆగింది? చివరి దెబ్బ ఎవరికి తగిలింది?