వైద్య పత్రికకు వ్యాసం పంపడం ఎలా? – మా అనుభవం



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు మేమిద్దరం చాలాసేపు ఆలోచించాము. కవితలు రాయడం మాకు చేతకాదు. "మీరు చేస్తున్న పనినే పిల్లలకు అర్థమయ్యేలా రాయండి" అని వార్డెన్ సార్ సలహా ఇచ్చారు. అందుకే ఈ వ్యాసం.

మేమిద్దరం కొత్తచెరువు సాంఘిక సంక్షేమ వసతి గృహంలో ఒకే గదిలో పెట్టెలు పెట్టుకుని చదువుకున్నవాళ్లం. ఇప్పుడు ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ చదువుతున్నాము. మా రెండిళ్లలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పరిశోధనా వ్యాసం అంటే ఏమిటో, దాన్ని ఎక్కడికి పంపాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. తెలియక ఒకసారి బాగా మోసపోయాము. మీలో రేపు నర్సింగు, ఫార్మసీ, ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్సీ. చదవబోయేవాళ్లు ఉన్నారు. మేము పడిన గుంటలో మీరు పడకూడదనే ఇదంతా రాస్తున్నాము.

వ్యాసం ఎందుకు రాయాలి?

మన అనంతపురం పల్లెల్లో చాలామంది పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. "గార పళ్లు" అని ఎగతాళి చేస్తారు. సరిగా పళ్లు తోముకోమని మందలిస్తారు. కానీ ఎంత తోమినా ఆ చారలు పోవు. అది మురికి కాదు, ఫ్లోరోసిస్. వానలు లేక, చెరువులు ఎండి, బోర్లు లోతుకు వేసే కొద్దీ రాళ్లలోని ఫ్లోరైడు నీళ్లలోకి వచ్చే ప్రమాదం ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నప్పుడు అంతకు మించిన నీళ్లు తాగితే పళ్లు పాడవుతాయి. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు కూడా దెబ్బతింటాయి.

ఈ సంగతి లోకానికి ఎలా తెలిసింది? 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో వ్యాసం రాశారు. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ జిల్లా బాధను 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ప్రకటించారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి 'లాన్సెట్'లో రాశారు. వాళ్లు చూసి ఊరుకుని ఉంటే ఆ నొప్పి ఆ ఊళ్లలోనే ఉండిపోయేది. కాగితం మీద పెట్టి, పదిమంది పరీక్షించేలా అచ్చు వేయించారు కాబట్టే తర్వాతివాళ్లకు దారి దొరికింది. వైద్య పత్రిక చేసే పని అదే.

సికింద్రాబాదు సంగతి కూడా చూడండి. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అక్కడ దోమ పొట్టలో మలేరియా క్రిమి ఆనవాళ్లు చూశాడు. ఆ ఏడాది డిసెంబరు 18న అది 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో అచ్చయింది. ఆ వ్యాసం పేరులోనే "రెండు దోమలలో" అని ఉంది. తాను చూసింది రెండే అయితే రెండు అనే చెప్పాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం మొదటి నియమమని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

వ్యాసంలో ఏమేమి ఉండాలి?

పరిశోధనా వ్యాసానికి నాలుగు గదులు ఉంటాయి. మొదటిది పరిచయం. ఇంతవరకు ఏమి తెలుసు, ఏమి తెలియదు, మనం దేనికి జవాబు వెతికాము అన్నది ఇక్కడ చెప్పాలి. రెండోది పద్ధతి. మన హాస్టల్ వంటమనిషి సాంబారు ఎలా చేసిందో కొలతలతో సహా రాసిపెడితే, ఇంకొకరు చేసినా అదే రుచి రావాలి. పద్ధతి కూడా అట్లే ఉండాలి. ఏ ఊరు, ఏ నెల, ఎంతమంది, ఎవరిని ఎలా ఎంచుకున్నాము, నీటిని ఏ పరికరంతో పరీక్షించాము అన్నీ రాయాలి. మూడోది ఫలితాలు. ఇక్కడ అంకెలే మాట్లాడాలి, మన అభిప్రాయాలు కాదు. పట్టికలో చెప్పిన దాన్నే మళ్లీ వాక్యాల్లో తిప్పి రాయకూడదు. నాలుగోది చర్చ. ఫలితాలకు అర్థమేమిటి, ఇతరులు చెప్పిన దానితో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ కలవదు, మన పనిలో లోపాలేమిటి అన్నది ఇక్కడ చెప్పాలి. లోపాలు దాచిపెట్టినవాడి కంటే చెప్పుకున్నవాడినే పరిశీలకులు నమ్ముతారు.

వీటికి ముందు సారాంశం ఉంటుంది. చాలా పత్రికలు దాన్ని సుమారు 250 మాటల్లో రాయమంటాయి. మొదట చదివేది అదే అయినా, రాయవలసింది మాత్రం చివర. చివరన చదివిన వ్యాసాల పట్టిక ఇవ్వాలి. వైద్య పత్రికల్లో ఎక్కువగా 'వాంకూవర్' పద్ధతి వాడతారు. అంటే వ్యాసంలో వచ్చిన వరుసలోనే 1, 2, 3 అని అంకెలు వేయడం. 1978లో కెనడాలోని వాంకూవర్ నగరంలో కొందరు సంపాదకులు కూర్చుని మొదలుపెట్టిన నియమాలివి. మనం చదవని వ్యాసాన్ని పట్టికలో ఎక్కించడం తప్పు. ఇతరుల వాక్యాలను మనవిగా దించడం ఇంకా పెద్ద తప్పు. ఈ రోజుల్లో కంప్యూటరు చేత వ్యాసం రాయించేవాళ్లూ ఉన్నారు. అలాంటి సాయం తీసుకుంటే ఆ మాట వ్యాసంలో చెప్పాలి. తప్పు దొర్లితే జవాబుదారీ మాత్రం మనదే.

అనుమతి లేనిదే అడుగు వేయరాదు

మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా ముందుగా నైతిక సంఘం అనుమతి కావాలి. పని అయ్యాక తెచ్చుకునేది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా అడగాలి. ఆ కాగితం వాళ్లకు తెలిసిన భాషలో ఉండాలి. ఇది ఉత్త కాగితం పని కాదు. మనం హాస్టల్‌లో ఉన్నప్పుడు ఎవరో వచ్చి, ఏమీ చెప్పకుండా వరుసలో నిలబెట్టి ఫోటోలు తీసుకుపోతే మనకెలా ఉండేదో గుర్తు చేసుకోండి.

మేము మోసపోయిన విధం

ఇక మా కథ. మేము ప్రాజెక్టు పనిగా ఒక పల్లెలో బోరు నీళ్లలో ఫ్లోరైడు కొలిచి, దానికి పిల్లల పళ్ల సంగతి జోడించి ఒక వ్యాసం రాశాము. మాతో పదో తరగతి దాకా చదివి, తర్వాత ధర్మవరంలో మగ్గం పనిలో చేరిన స్నేహితుడు తన బండి మీద ఊరూరా తిప్పి, సీసాల్లో నీళ్లు పట్టించాడు. అతని పేరు మేము ఎక్కడా రాయలేదు. డిగ్రీ లేనివాడి పేరు రాయకూడదేమో అనుకున్నాము.

అప్పుడే ఒక పత్రిక నుంచి మెయిలు వచ్చింది. "గౌరవనీయులైన డాక్టర్ గారూ" అని మమ్మల్ని పిలిచారు. మేమింకా ఎం.ఎస్సీ. కూడా పూర్తి చేయలేదు! పంపిన మూడో రోజే అంగీకరించారు, 4,500 రూపాయలు కట్టమన్నారు. ఆ డబ్బు మా ఇద్దరిలో ఒకరి నాయన చెనిక్కాయ విత్తనాలకని అట్టిపెట్టుకున్నది. "మన ఇంటి పేరు పుస్తకంలో పడుతుందంటే ఇంకేం కావల్ల నాయనా" అని ఆయనే తీసి ఇచ్చాడు. అచ్చయిన కాగితం పటం కట్టించి గోడకు తగిలించారు.

తర్వాత మా గైడు మేడం చూసి తల పట్టుకున్నారు. ఆ పత్రికను ఎవరూ పరిశీలించరు, డబ్బు కట్టినవాళ్లందరివీ వేస్తారు అన్నారు. ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. 2013లో 'సైన్స్' పత్రిక తరపున బొహానన్ అనే విలేకరి కావాలనే తప్పులు పెట్టి రాసిన దొంగ వ్యాసాన్ని కొద్ది కొద్ది మార్పులతో 304 పత్రికలకు పంపితే, 157 పత్రికలు దాన్ని అంగీకరించాయి. వాటిలో మన దేశం నుంచి నడిచేవి చాలా ఉన్నాయి.

డబ్బు పోయిందనే బాధ ఒకటి. దానికి మించినది ఇంకొకటి ఉంది. ఒక సాయంత్రం ఆ వ్యాసాన్ని మా ధర్మవరం స్నేహితుడికి తెలుగులో చదివి వినిపించాము. మధ్యలో ఆపి, "ఒరేయ్, ఆ బోరు నీళ్లు తాగేది ఎవర్రా? అవి గొడ్లకు, బట్టలకు. పిల్లోళ్లు తాగేది క్యాను నీళ్లు కదా" అన్నాడు. మాకు నోట మాట రాలేదు. పిల్లలు ఇప్పుడు తాగని నీటిని కొలిచి, తాగుతున్నారని రాశాము! పళ్లు చిన్నప్పుడు తాగిన నీటిని బట్టి పాడవుతాయి కాబట్టి, ఏ వయసులో ఏ నీళ్లు తాగారన్నది కూడా అడగాల్సింది. అదీ అడగలేదు. నిజమైన పరిశీలకుడైతే మొదటి ప్రశ్నగా అదే అడిగేవాడు. అక్కడ ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ తప్పు మా పేర్లతో అచ్చులో ఉంది. వెనక్కి తీసుకోమని రాస్తే మళ్లీ డబ్బు అడిగారు. ఒకచోట అచ్చయిన వ్యాసాన్ని ఇంకొక పత్రికకు పంపడం నియమాలకు విరుద్ధం. కాబట్టి ఆ పని అంతటితో ముగిసినట్టే.

రచయిత ఎవరు?

మేము మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాము. ఈసారి ముందుగా నైతిక సంఘం అనుమతి తెచ్చుకున్నాము. బోరు నీళ్లూ, కుళాయి నీళ్లూ, క్యాను నీళ్లూ వేరువేరుగా కొలిచాము. ఏ బిడ్డ ఏ వయసు దాకా ఏ నీళ్లు తాగిందో ఆ ఇంటి అవ్వలను, అమ్మలను అడిగి రాసుకున్నాము. పళ్లను మేము చూడలేదు. ఒక దంత వైద్యురాలు డీన్ సూచిక ప్రకారం చూశారు.

అప్పుడు మా స్నేహితుని పేరు సంగతి వచ్చింది. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం రచయితకు నాలుగు షరతులు పెట్టింది. పని ఆలోచనలోనో, సమాచారం సేకరించడంలోనో, విశ్లేషణలోనో గట్టి పాత్ర ఉండాలి. వ్యాసం రాయడంలోనో, సరిదిద్దడంలోనో చేయి ఉండాలి. చివరి ప్రతిని ఒప్పుకోవాలి. మొత్తం పనికి జవాబుదారీ వహించాలి. ఇందులో డిగ్రీ మాట ఎక్కడా లేదు! అతను ఊళ్లు ఎంచాడు, నీళ్లు పట్టాడు, మా పెద్ద తప్పు పట్టుకున్నాడు. ప్రతి పేరా తెలుగులో విని సరిదిద్దాడు. మేడం ఆలోచించి, "ఇతను రచయితే" అన్నారు. అలాగే ఏ పనీ చేయని పెద్దల పేరు మర్యాద కోసం ఎక్కించడం కూడా తప్పే. కొంచెం సాయం చేసినవాళ్లకు చివర కృతజ్ఞతలు చెప్పాలి.

పంపేటప్పుడు, పంపిన తర్వాత

పత్రికను ఎంచుకునే ముందు ఇవి చూడండి. మీ గైడు, మీ లైబ్రేరియన్ ఆ పత్రికను ఎరుగుదురా? దాని పాత వ్యాసాలు చదవడానికి దొరుకుతున్నాయా? సంపాదక వర్గంలో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నారా? పబ్‌మెడ్ వంటి సూచికల్లో అది ఉందా? రుసుము ఎంతో ముందే చెప్పారా? రుసుము తీసుకునే పత్రికలన్నీ దొంగవి కావు, రుసుము తీసుకోని మంచి పత్రికలూ ఉన్నాయి. యు.జి.సి. 2019లో పెట్టిన 'కేర్' జాబితాను 2025లో నిలిపివేశారు. కాబట్టి "మాది యు.జి.సి. జాబితాలో ఉంది" అని ఇప్పుడు ఎవరైనా చెప్పుకుంటే నమ్మకండి.

పత్రిక తన వెబ్‌సైటులో రచయితలకు ఇచ్చిన సూచనలను రెండుసార్లు చదవాలి. సంపాదకునికి ఒక పేజీ ఉత్తరం రాయాలి. ఈ వ్యాసం ఇంకెక్కడా అచ్చు కాలేదని, ఇంకెక్కడా పరిశీలనలో లేదని, ఎవరి దగ్గర డబ్బు సాయం తీసుకున్నామో, స్వప్రయోజనాలు ఉన్నాయో లేవో అందులో చెప్పాలి. మా ఉత్తరంలో పాత వ్యాసం సంగతి, అందులోని తప్పు కూడా రాశాము. రాయడానికి చేతులు వణికాయి. కానీ దాచి ఉంటే ఎప్పుడో ఒకనాడు బయటపడేది.

మొదటి పత్రిక మూడు వారాల్లో తిప్పి పంపింది, మా విషయం వాళ్ల పరిధిలోకి రాదని. ఏడ్చే పని లేదు, అది సహజం. రెండో పత్రిక నుంచి ఇద్దరు పరిశీలకుల ప్రశ్నలు వచ్చాయి. మొత్తం పంతొమ్మిది! మొదట కోపం వచ్చింది. రెండు రోజులు ఆగి చదివితే పదిహేను ప్రశ్నలు న్యాయమైనవే అనిపించాయి. ప్రతి ప్రశ్ననూ దించుకుని, దాని కింద జవాబు, ఏ పేజీలో ఏమి మార్చామో రాయాలి. ఒప్పుకోని చోట మర్యాదగా కారణం చెప్పాలి. ఇప్పుడు మేము ఆ పనిలోనే ఉన్నాము. అంగీకరిస్తారో లేదో తెలియదు.

గోడ మీది పటాన్ని మొన్న పండగకు పోయినప్పుడు మేమే దించేశాము. నాయన ఎందుకని అడిగాడు. జరిగింది చెప్పాము. కాసేపు ఊరుకుని, "అయితే ఆ మేకు అట్లే ఉండనీ. సరైనది వచ్చినప్పుడు మళ్లీ కొట్టే పని ఉండదు" అన్నాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఊళ్ల గురించి రాయడానికి మనకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? ఏ బోరు గొడ్లదో, ఏ బోరు మనుషులదో మనకు తెలుసు. నేర్చుకోవలసిందల్లా దాన్ని రాసే పద్ధతి. తొందరపడి ఎవరికీ డబ్బు కట్టకండి. సందేహం వస్తే మమ్మల్ని అడగండి. వార్డెన్ సార్ దగ్గర మా నంబర్లు ఉన్నాయి.