మంట ఆరాక మొదలయ్యే నష్టం

మిల్లు కాలిపోతే గోడలకూ యంత్రాలకూ అగ్నిబీమా డబ్బు వస్తుంది. మళ్లీ మిల్లు తిరిగేదాకా జీతాలు, అద్దె, బ్యాంకు వడ్డీ మాత్రం కట్టక తప్పదు. గల్లాపెట్టెలోకి పైసా రాదు. ఆ లోటు పూడ్చడానికి పుట్టిందే వ్యాపార అంతరాయ బీమా. మన దేశంలో దీనికి 'లాస్ ఆఫ్ ప్రాఫిట్' పాలసీ అన్న పేరే ఎక్కువ వాడుక.

19వ శతాబ్దంలో దీనికి సరైన లెక్క కుదరలేదు. కొన్ని పాలసీలు మూతపడ్డ రోజుకు ఇంత అని ముందే ఖాయం చేసేవి. ఫ్రాన్స్‌లో అగ్నిబీమా పరిహారం మీద కొంత శాతం అదనంగా ఇచ్చే పద్ధతి ఉండేది. రెండూ గురి తప్పేవే. బాయిలరు గదిలో రేగిన చిన్న మంట మిల్లునంతా నెలల తరబడి ఆపేయగలదు. పాత సరుకున్న గోదాము బూడిదైనా అమ్మకాలు తగ్గకపోవచ్చు.

ఆ చిక్కు విప్పినవాడు గ్లాస్గోకు చెందిన లుడోవిక్ మాన్. పురావస్తువుల మీద మక్కువతోనూ పేరు పొందిన ఈయన 1899లో టర్నోవరునే కొలబద్ద చేశాడు. నెలకు 10 లక్షల అమ్మకాలున్న చోట ప్రమాదం తర్వాత 4 లక్షలే జరిగాయనుకుందాం. తగ్గిన 6 లక్షల మీద స్థూల లాభం 30 శాతమైతే నష్టం 1.8 లక్షలు. అందులోంచి ఆదా అయిన ఖర్చులు తీసేస్తారు. నష్టం తగ్గించుకోవడానికి పెట్టిన అదనపు ఖర్చు కలుపుతారు. నేటి పాలసీలకూ సూటైన ఈ లెక్కే పునాది.

లెక్క తేలినా కారణం మీద తగవు మిగిలింది. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌లో ఒక హోటలును దెబ్బతీసింది. హోటలు చెక్కుచెదరకపోయినా ఖాళీ అయిన ఊరికి అతిథులు వచ్చేవారు కాదు కదా అన్నది బీమా సంస్థ వాదన. 2010లో లండన్ హైకోర్టు దాన్నే సమర్థించింది. విపత్తు ఎంత పెద్దదైతే పరిహారం అంత తగ్గడమన్నమాట! పాలసీదారుకు ఇది తీరని అన్యాయం.

కోవిడ్ వచ్చాక ఆ వాదనే మళ్లీ లేచింది. ఆవరణకు 25 మైళ్ల లోపు వ్యాధి సోకితే పరిహారమిస్తామన్న పాలసీలు అప్పట్లో బ్రిటన్‌లో చాలా ఉండేవి. వ్యాధి దేశమంతా ఉంది కాబట్టి ఆ 25 మైళ్లలోని కేసులు లేకపోయినా లాక్‌డౌన్ వచ్చేదేనని సంస్థలు అన్నాయి. 2021 జనవరి 15న బ్రిటన్ సుప్రీంకోర్టు దీన్ని తోసిపుచ్చింది. ప్రతి కేసూ లాక్‌డౌన్‌కు సమాన కారణమేనని చెప్పి, 2010 నాటి తీర్పును కొట్టేసింది. ప్రధాన తీర్పు రాసిన ఇద్దరిలో ఒకరు ఆనాటి హైకోర్టు న్యాయమూర్తి, మరొకరు అదే వివాదంలో మధ్యవర్తి. తమ పాత నిర్ణయం తప్పని వారే రాశారు.