రోడ్లు పెంచలేదు, వేళలు మార్చారు

మన పి.టి. ఉషకు సెకనులో వందోవంతు తేడాతో కాంస్య పతకం చేజారిన 1984 ఒలింపిక్ క్రీడలు అమెరికాలోని లాస్ ఏంజెల్స్‌లో జరిగాయి. అయితే క్రీడలకు ముందు ఆ నగరవాసుల బెంగంతా రోడ్ల గురించే.

అక్కడ కారు లేనిదే పని జరగదు. మామూలు రోజుల్లోనే ఆఫీసు వేళల్లో వాహనాలు బారులు తీరి నిలిచిపోయేవి. ఆపైన 140 దేశాల క్రీడాకారులు, లక్షలాది ప్రేక్షకులు వస్తున్నారు. మైదానాలా, ఒకదానికొకటి ఎంతో దూరం. రాకపోకలు స్తంభించిపోతాయని చాలామంది భయపడ్డారు.

అధికారులు భారీగా కొత్త రోడ్ల జోలికి పోలేదు. ఉన్నవాటినే సర్దుకున్నారు. ఆఫీసుల పనివేళలు ముందుకో వెనక్కో జరపమని, వీలైనవారు సెలవు పెట్టుకోమని కోరారు. లారీలను రాత్రిపూట నడపమన్నారు. కొన్ని వీధులను ఒకవైపు రాకపోకలకే పరిమితం చేశారు. ప్రేక్షకులకు ప్రత్యేక బస్సులు వేశారు. ప్రధాన మైదానం పరిసరాల్లో 118 కూడళ్ల సిగ్నల్ దీపాలను కంప్యూటరుకు కలిపారు. రోడ్డులో అమర్చిన పరికరాలు వాహనాలను లెక్కిస్తుంటే రద్దీని బట్టి దీపాలు మారేవి.

జూలై 28 నుంచి ఆగస్టు 12 వరకు క్రీడలు జరిగాయి. భయపడినట్లు ఏమీ కాలేదు. పెద్ద రహదారులపై కార్లు సాఫీగా సాగిపోయాయి.

కిటుకు ఇదీ

విశేషమేమిటంటే, వాహనాలు మరీ అంతగా తగ్గలేదు. రద్దీ వేళ నుంచి కొన్ని పక్కకు తప్పుకున్నాయి, అంతే. జాతర రోజున ఇరుకు కల్వర్టు మీదికి బండ్లన్నీ ఒక్కసారే వస్తే ఏదీ కదలదు. నాలుగు బండ్లు కాసేపు ఆగితే అన్నీ దాటిపోతాయి. అక్కడ జరిగిందీ అదే.

అయితే ఇది ఊరికే రాలేదు. రాత్రిపూట సరుకు దించాలంటే లారీ డ్రైవరుతో పాటు దుకాణంలో మనుషులూ మేలుకోవాలి. వారికి అదనపు కూలి ముట్టాలి. క్రీడలు ముగియగానే ఆఫీసులు పాత వేళలకు, లారీలు పగటి ప్రయాణాలకు మళ్లాయి. రద్దీ మళ్లీ మొదలైంది. కంప్యూటరు సిగ్నళ్లు మాత్రం నిలిచి, క్రమంగా నగరమంతటా నాలుగు వేలకు పైగా కూడళ్లకు విస్తరించాయి.

యంత్రం మిగిలింది, సర్దుబాటు మిగల్లేదు. అందరూ ఒకే గంటలో బయలుదేరితే ఎంత వెడల్పు రోడ్డయినా చాలదు. పత్తి ట్రాక్టర్లన్నీ ఒకే పొద్దున మార్కెట్ యార్డు గేటు ముందు నిలిచినప్పుడు రైతులకూ ఈ సంగతి అనుభవమే.