బూట్లతోనా? వట్టి కాళ్ళతోనా?

పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ పెద్దవి కావు. "దేవుడు నిజంగా ప్రార్థన వింటాడా?" అని అడిగితే మనం చేతిలో పని ఆపి జవాబు చెబుతాం. "నాన్నా, డ్రమ్స్ గేము ఆడేటప్పుడు బూట్లు ఉంచుకోవాలా, విప్పాలా?" అని అడిగితే మాత్రం, "ముందు వెళ్ళి చదువుకో" అంటాం. అయితే చిన్న ప్రశ్నకు సరియైన జవాబు దొరికిన చోటికే పిల్లవాడు రేపు పెద్ద ప్రశ్నతో వస్తాడు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల ఇళ్ళలో ఈ ఆట చాలామంది పిల్లలకు పరిచయమే. అందుచేత ప్రియ తల్లిదండ్రులారా, ఈ నెల ఆ చిన్న ప్రశ్ననే తీసుకుందాం.

ఆట ఎలాంటిది?

డ్రమ్ములతో ఆడే వీడియో గేము మొదట జపానులో పేరు పొందింది. 1999లో కొనామి సంస్థ "డ్రమ్ మేనియా" అనే యంత్రాన్ని ఆటశాలల్లో పెట్టింది. అందులో చేతులతో కొట్టే ప్యాడ్లతోపాటు కాలితో తొక్కే పెడల్ కూడా ఉండేది. అమెరికా ఇళ్ళలోకి ఇలాంటి ఆటను విస్తారంగా తెచ్చింది "రాక్ బ్యాండ్." హార్మోనిక్స్ అనే సంస్థ తయారుచేసిన ఈ ఆట 2007 నవంబరులో వచ్చింది. మరుసటి సంవత్సరం "గిటార్ హీరో వరల్డ్ టూర్" కూడా డ్రమ్ములతో వచ్చింది.

రాక్ బ్యాండ్ సెట్‌లో నాలుగు గుండ్రని ప్యాడ్లు ఉంటాయి: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. కింద ఒక పెడల్. టీవీ తెర మీద పాటతోపాటు రంగు గుర్తులు కిందికి జారి వస్తుంటాయి. ఏ రంగు గీత దగ్గరకు వస్తే ఆ ప్యాడ్‌ను స్టిక్‌తో కొట్టాలి. తెరకు అడ్డంగా నారింజ రంగు పట్టీ వచ్చినప్పుడు కాలితో పెడల్ తొక్కాలి. ఈ ఆటలోని గిటారు అయిదు బొత్తాముల బొమ్మ మాత్రమే. డ్రమ్ములు అలా కాదు. కష్టమైన స్థాయికి చేరిన పిల్లవాని చేతులు, కాలు దాదాపు ఆ పాటలోని అసలు డ్రమ్మర్ చేసిన పనినే చేస్తాయి. కాబట్టి "అది ఉత్త ఆట" అని తోసిపుచ్చనక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. ఈ ఆటల పెట్టెల మీద 13 సంవత్సరాలు పైబడిన వారికి అని తెలిపే గుర్తు ఉంటుంది. అందులోని పాటలన్నీ మన ఇంటికి తగినవి కావు. ఏ పాట ఆడవచ్చో తల్లిదండ్రులు పక్కన కూర్చుని, విని, నిర్ణయించాలి.

తడబడేది కాలే

కొత్తగా ఆడే పిల్లలను గమనించండి. చేతులు రెండు మూడు రోజుల్లో దారిలో పడతాయి. ఓడిపోయేది కాలి దగ్గరే. కంటికి చేయి కనబడుతుంది, కాలు కనబడదు. ఆ కాలు పాదం కింద తగిలే స్పర్శను బట్టే తన పని తాను తెలుసుకోవాలి.

అసలు డ్రమ్ముల సెట్‌లో ఆ స్పర్శ బాగా అందుతుంది. విలియం లుడ్విగ్ అనే అమెరికన్ 1909లో వేగంగా పనిచేసే పెడల్‌ను మార్కెట్‌లోకి తెచ్చాక, పెద్ద డ్రమ్మును కాలితో వాయించడం ప్రపంచమంతటా అలవాటైంది. ఆ పెడల్ తొక్కితే ఒక సుత్తి వెళ్ళి డ్రమ్ము చర్మానికి తగిలి వెనక్కి వస్తుంది. ఆ తిరుగుదెబ్బ పాదానికి తెలుస్తుంది. ఆట పెడల్‌లో తొక్కినప్పుడు తిరిగి పైకి లేపే స్ప్రింగు ఉంటుంది గాని, చర్మానికి తగిలిన ఆ జవాబు ఉండదు. పాదానికి వార్త తక్కువగా అందుతుంది. అందుకే బూటు సంగతి ఇక్కడ ముఖ్యమైంది.

మూడు విధాలు

వట్టి కాళ్ళతో ఆడితే పెడల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అరికాలికి స్పష్టంగా తెలుస్తుంది. బరువు ఉండదు. మడమ ఆనించి, చీలమండ మాత్రమే కదిపి తొక్కేవారికి ఇది హాయిగా ఉంటుంది. కాని గట్టి ప్లాస్టిక్ మీద గంటసేపు తొక్కితే మునివేళ్ళ వెనుక మెత్తటి భాగం నొప్పి పుడుతుంది. చెమట పడితే జారుతుంది. పెడల్ అంచు గీసుకుపోవచ్చు. మొదటి రాక్ బ్యాండ్ సెట్‌లోని ప్లాస్టిక్ పెడల్ గట్టి తొక్కుడుకు విరిగిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 2008లో వచ్చిన రెండవ సెట్‌లో అందుకే పెడల్‌ను లోహంతో బలపరిచారు. ఇంట్లో ఉన్నది ఎవరో వాడిన పాత సెట్ అయితే, వట్టి కాలు పెట్టకముందు పగుళ్ళు ఉన్నాయేమో చూడండి.

బూట్లతో ఆడితే కాలికి రక్షణ ఉంటుంది. మడమ పైకెత్తి, తొడ బరువుతో తొక్కేవారికి దెబ్బ బలంగా పడుతుంది. అయితే పరుగు కోసం చేసిన దళసరి మెత్తని అడుగు ఉన్న బూటు వేస్తే, పరుపు మీద నిలబడి నేలను వెతికినట్టు ఉంటుంది. అంత మందమైన అడుగు స్పర్శను మింగేస్తుంది. పలుచని, చదునైన, జారని అడుగు గల బూటు మేలు. డ్రమ్ములు వాయించేవారిలో అనేకులు అలాంటివే ఎంచుకుంటారు.

మేజోళ్ళతో మాత్రమే ఆడటం చాలామంది పిల్లలు మధ్యేమార్గం అనుకుంటారు. నున్నని ప్లాస్టిక్ మీద నూలు మేజోడు జారుతుంది. జారిన కాలును నిలబెట్టుకోవడానికి పిక్క బిగుసుకుంటుంది. బిగుసుకున్న కాలు ఆలస్యంగా దిగుతుంది. మేజోడే కావాలంటే అడుగున రబ్బరు చుక్కలు ఉన్నది వాడటం మంచిది.

ఇంకొక మాట. పిల్లవాడు సరిగానే తొక్కుతున్నా ఆట "తప్పు" అని చూపిస్తుంటే, నేరం కాలిది కాకపోవచ్చు. కొత్త రకం టీవీలలో బొమ్మ, శబ్దం రెప్పపాటు ఆలస్యంగా రావడం సాధారణం. ఆటలోనే దానిని సరిచేసే ఏర్పాటు ఉంటుంది. ముందు అది చూడండి. యంత్రం చేసే ఆలస్యానికి పిల్లవానిని "నీకు తాళం లేదు" అనడం అన్యాయం. ఆ ఒక్క మాట విని స్టిక్స్ శాశ్వతంగా పక్కన పెట్టేసే పిల్లలు ఉంటారు.

పాదాలతో వినే స్త్రీ

ఎవెలిన్ గ్లెనీ అనే స్కాట్లండు కళాకారిణి గురించి మన పిల్లలు తెలుసుకోవాలి. ఆమె 1965లో పుట్టి ఒక వ్యవసాయ కుటుంబంలో పెరిగింది. ఎనిమిదేళ్ళ వయసు నుండి వినికిడి తగ్గుతూ వచ్చి, పన్నెండేళ్ళకు దాదాపు పూర్తిగా పోయింది. అయినా ఆమె వాద్యం విడువలేదు. లండనులోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివి, ప్రపంచ ప్రఖ్యాతి పొందింది. 2012లో లండన్ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో వెయ్యిమంది డ్రమ్మర్లకు ముందు నిలిచి వాయించింది. ఆమె తరచుగా వట్టి కాళ్ళతోనే వేదిక ఎక్కుతుంది. మంద్రమైన ధ్వనులు తన కాళ్ళకు, పాదాలకు తెలుస్తాయని ఆమె వివరించింది. మనకు చెవి చేసే పనిని ఆమెకు ఒళ్ళంతా చేస్తుంది.

అలాగని వట్టి కాళ్ళే గొప్ప అనరాదు. షీలా ఇ. అనే అమెరికన్ డ్రమ్మర్ ఎత్తు మడమల జోళ్ళతో డ్రమ్ములు వాయించి పేరు పొందింది. ఆ జోళ్ళతో మనం నాలుగు మెట్లు దిగడమే కష్టం! ఒకరు విప్పి వాయించారు, మరొకరు వేసుకుని వాయించారు. ఇద్దరూ తమ కాళ్ళను తాము ఎరిగినవారు.

దావీదు ఎందుకు విప్పాడు?

పరిశుద్ధ గ్రంథంలో కాళ్ళ జోళ్ళ గురించిన మాటలు అనేకం ఉన్నాయి. మండుచున్న పొద దగ్గర మోషే, యెరికో ముందు యెహోషువ చెప్పులు విడిచారు. అది దేవుని సన్నిధి పట్ల భయభక్తులు. తప్పిపోయిన కుమారుడు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి అతని కాళ్ళకు చెప్పులు తొడిగించాడు. అది కుమారునికి దక్కిన గౌరవం. విడవడంలోనూ భక్తి ఉంది, తొడగడంలోనూ ప్రేమ ఉంది.

అయితే మన పిల్లవాని ప్రశ్నకు దగ్గరగా ఉన్నది 1 సమూయేలు 17వ అధ్యాయం. గొల్యాతు మీదికి వెళ్ళబోయే దావీదుకు సౌలు తన యుద్ధవస్త్రాలు తొడిగించాడు. అవి చెడ్డవి కావు, రాజు ధరించేవి. అయినా దావీదు నడవబోయి, ఇవి తనకు వాడుక లేనివని చెప్పి తీసివేశాడు. తనకు అలవాటైన కర్ర, వడిసెల, ఏటిలోని రాళ్ళు తీసుకుని వెళ్ళాడు. గొర్రెల దగ్గర ఎవరూ చూడని వేళ అతడు వాటిని పరీక్షించుకున్నాడు. అందరూ చూసే వేళ అవే అతనికి అక్కరకు వచ్చాయి.

డ్రమ్ముల ముందు కూర్చున్న పిల్లవానికి కూడా ఇదే జవాబు. ఏది గొప్ప అని అడగవద్దు, ఏది నీకు వాడుకైనది అని అడుగు. ఒక వారం వట్టి కాళ్ళతో, ఒక వారం పలుచని బూట్లతో అదే పాట ఆడి చూడు. ఎన్ని దెబ్బలు తప్పాయో ఒక కాగితం మీద రాసుకో. కాలు నొప్పి పెట్టిందా లేదా గమనించు. తరువాత ఒకదానిని ఎంచుకుని దానిలోనే సాధన చెయ్యి. రోజుకొక రకంగా మార్చితే కాలు ప్రతిరోజూ మొదటి పాఠమే నేర్చుకోవలసి వస్తుంది.

ఆట గది నుండి ఆరాధనకు

ఇక్కడే అసలు సంగతి ఉంది. అమెరికాలో ఆటతో మొదలుపెట్టి, తరువాత నిజమైన డ్రమ్ములు నేర్చి, అక్కడి సంఘంలో వాయిస్తున్న అబ్బాయి సెలవులకు అమ్మమ్మ ఊరు వస్తాడనుకోండి. ఆంధ్ర, తెలంగాణ సంఘాలలో అనేక చోట్ల చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వెళ్తాం. "మనవడు డ్రమ్స్ వాయిస్తాడంట, ఈ ఆదివారం వాయించనివ్వండి" అని అమ్మమ్మ ముచ్చటపడుతుంది. ఎన్నడూ బూటు లేకుండా పెడల్ తొక్కని అబ్బాయి మొదటి పాటకే తడబడతాడు. పక్కనున్నవారు నవ్వితే, వాడు మళ్ళీ సంఘంలో స్టిక్ పట్టడు. ఇంత చిన్న విషయం వలన ఒక తలాంతు పాతిపెట్టబడటం విచారకరం కాదా?

అందుచేత యౌవనులారా, మీకు బూట్లే అలవాటైనా వారానికి ఒకసారి వట్టి కాళ్ళతో కూడా సాధన చేయండి. ఊరికి వెళ్ళే ముందు కొన్ని వారాలు అలాగే వాయించండి. అక్కడి సంఘ ఆచారాన్ని ముందుగా అడిగి తెలుసుకుని, దానిని గౌరవించండి. "మా దగ్గర ఇలా కాదు" అని వాదించవద్దు.

సంఘ పెద్దలారా, మీకు కూడా ఒక మనవి. కాలి నొప్పి వలన గాని, అలవాటు వలన గాని ఒక పిల్లవాడు బయట ఎన్నడూ తొక్కని శుభ్రమైన జత తెచ్చుకుని, "ఇది వేసుకుని వాయించవచ్చా, అయ్యగారూ?" అని అడిగితే, కోపపడక ఆలోచించండి. వాడు అడిగాడంటేనే భక్తి ఉన్నదని అర్థం.

ఆట నేర్పనివి కూడా కొన్ని ఉన్నాయని పిల్లలకు చెప్పండి. ఆటలో తెర చెప్పినట్టు కొడితే చాలు. ఆరాధనలో తెర ఉండదు. పాట నడిపించేవారి ముఖం చూడాలి, ముసలమ్మ గొంతు కూడా వినబడేంత మెల్లగా వాయించాలి, ప్రార్థన మొదలైతే ఆపాలి. ఆటలో మార్కులు మనకు వస్తాయి. ఇక్కడ మహిమ ప్రభువుకు చెందుతుంది.

అపార్టుమెంటులో ఉండేవారు మరొక సంగతి మరువరాదు. ప్యాడ్ల చప్పుడుకంటె పెడల్ అదురు నేల గుండా కింది ఇంటికి ఎక్కువగా దిగుతుంది. బూటు మడమ కొట్టుకుంటే మరీ ఎక్కువ. పెడల్ కింద దళసరి రబ్బరు చాప వేయండి. దానివలన పెడల్ జారదు, పొరుగువాని నిద్రా చెడదు. పొరుగువానిని ప్రేమించడమంటే కొన్నిసార్లు రాత్రి తొమ్మిది తరువాత స్టిక్స్ కింద పెట్టడమే.

తల్లిదండ్రులారా, ఈసారి మీ పిల్లవాడు ఈ ప్రశ్న అడిగితే, మీరు కూడా చెప్పులు విప్పి ఒకసారి ఆ పెడల్ మీద కాలు పెట్టి చూడండి. మీ కాలు తడబడుతుంది, పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ తరువాత వాళ్ళతో దావీదు సంగతి చెప్పండి. వింటారు.