చినిగిన సంచిలో జీతం

విజయనగరం జిల్లా నెల్లిమర్ల గోగునారతో, గోనె సంచులతో బతికిన ఊరు. గోతానికి అడుగున చిల్లు పడితే పైనుంచి ఎంత ధాన్యం పోసినా నిలవదని ఆ జూట్‌మిల్లు కార్మికులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రీస్తుకు పూర్వం 520లో హగ్గయి ప్రవక్త యెరూషలేము ప్రజలతో దేవుని పక్షంగా మాట్లాడుతూ వాడిన పోలిక సరిగ్గా ఇదే. వాళ్లు సంపాదించిన జీతం చినిగిపోయిన సంచిలో వేసినట్టుందని ఆయన అన్నాడు (హగ్గయి 1:6).

బబులోను చెర నుంచి తిరిగొచ్చిన ఆ జనం సోమరులేమీ కాదు. విత్తనాలు చల్లారు, ఇళ్లు కట్టుకున్నారు, ఆ ఇళ్లకు చెక్కపలకలతో సొగసులూ దిద్దుకున్నారు. కానీ తిన్నా ఆకలి తీరలేదు, తాగినా దాహం తీరలేదు. కారణమేమిటి? దేవుని మందిరం పాడుబడి ఉంటే, దాన్ని కట్టడానికి ఇంకా సమయం రాలేదంటూ ఏళ్లకేళ్లు గడిపేశారు. లోపం సంపాదనలో లేదు, జీవితంలో దేవునికిచ్చిన స్థానంలో ఉంది.

సంపాదన చాలక తృప్తి లేదనుకుంటే సొలొమోనుకు చాలనిదేముంది? భవనాలు, ద్రాక్షతోటలు, వెండి బంగారాలు, గాయకులు, కళ్లు కోరిన ప్రతి సుఖమూ ఆయన చవిచూశాడు. చివరకు అంతా గాలికోసం పరుగెత్తినట్టే ఉందని తేల్చాడు (ప్రసంగి 2వ అధ్యాయం). మనమేమో ఆయన సంచికంటే పెద్ద సంచి కుట్టుకోవాలని చూస్తున్నాం! పాత టీవీ పోయి కొత్తది వచ్చిన ఆనందం ఎన్నాళ్లు నిలిచింది? పక్కింటికి అంతకంటే పెద్దది వచ్చేదాకానే కదా!

అలాగని డబ్బుతో పనేముందని లాకౌట్ చూసిన కుటుంబానికి బోధించడం క్రైస్తవం కాదు. నెల్లిమర్ల మిల్లు ఎన్నోసార్లు మూతపడింది, ఎన్నోసార్లు తెరుచుకుంది. మూతపడిన ప్రతిసారీ బియ్యం డబ్బాలు ఖాళీ అయ్యాయి. ఆ ఆకలి నిజం, కష్టపడినవాడు కూలి అడగడం న్యాయం. హగ్గయి కూడా ఆకలిని తేలిక చేయలేదు. జనం మాట విని కదలగానే పంటకంటే ముందు వారికి అందినది ‘నేను మీకు తోడుగా ఉన్నాను’ అన్న దేవుని వాగ్దానం. పని మొదలైన మూడు నెలలకు కూడా అంజూరపు చెట్లు కాయలేదు. దేవుడు ఆ రోజునుంచే ఆశీర్వదిస్తానన్నాడు (2:19). కొట్టు నిండకముందే తోడు దొరికింది. విశ్వాసి తృప్తి మొదలయ్యేది అక్కడే. అందుకే మిల్లు మూతపడ్డ నెలలోనూ అది మూతపడదు.

మన ఉత్తరాంధ్ర సంఘాలకు ఈ మాట కొత్త కాదు. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరికి పాండిత్యం ఉంది, కవిత్వం ఉంది, పుట్టుకతో వచ్చిన గౌరవం ఉంది. అవేవీ చాలవని ఆయన మనసుకు తెలిసింది. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. అయినవాళ్లు దూరం పెట్టారు. లోకం లెక్కలో ఆయన సంచి ఆ రోజే ఖాళీ అయింది. ఆ తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో తిరిగి సువార్త చెప్పాడు, వందకు పైగా కీర్తనలు రాశాడు. పోగొట్టుకున్నదానికోసం ఏడ్చే మనిషి రాసిన పాటలు కావవి. క్రీస్తులో దొరికినదాన్ని పదిమందికీ పంచకుండా ఉండలేని మనిషి రాసినవి. 1890లో కన్నుమూసేనాటికి ఆయనకు 86 ఏళ్లు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే ఆయన పాటలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆయన పేరు తెలియని తల్లులు కూడా ఆదివారం ఆరాధనలో పుస్తకం చూడకుండానే వాటిని పాడతారు.